నాలుగో చైను

పన్నెండేండ్లల్ల మూడు చైన్లు అరిగినయి,
ఇది నాలుగోది.
క్యాలెండరు కంటే దీని లెక్కే నాకు గుర్తుంటది:
రెండో చైను నాడు బిడ్డ పుట్టింది,
మూడో చైను సగంల మోకాలు నొయ్యవట్టింది.

కాచిగూడల ఒక రిటైర్డు గార్డు అమ్మిండు.
పచ్చరంగు ఉక్కు, పొట్టేలు కొమ్ముల హ్యాండిలు,
ముందు రెండు, వెనక రెండు సంచులకు కొక్కేలు.
"దూరాలు పోయే సైకిలు, బజారుకు తిప్పకు" అన్నడు.
నా దూరాలు
నల్లగొండ నుంచి నాంపల్లి, మర్రిగూడ, చింతపల్లి.
బోరింగు నీళ్లు సీసాలల్ల పట్టుకొచ్చి
ల్యాబుల ఇచ్చుడు నా కొలువు.

బరువు లేకుంటే దీనికి సోయి ఉండదు.
ఖాళీ సీసాలతోని పోతుంటే
ముందు చక్రం మేకపిల్ల లెక్క అటిటు చూస్తది.
ముప్పై రెండు సీసాలు నిండినంక
అప్పుడు చూడాలె,
బిందె ఎత్తుకున్న ఆడమనిషి నడక వస్తది దీనికి:
నడుము ఊగుతది, తల ఊగదు.
కంకర తేలిన తొవ్వల
రాయి తగిలిన సంగతి చెప్తది,
దెబ్బ మాత్రం తనకాడనే ఉంచుకుంటది.

బాగలేనియి సుత చెప్పాలె.
వానల వెనక బ్రేకు పేరుకే.
తోలు సీటు మొదటి ఏడాదంత ఏడిపించింది,
ఇప్పుడు నా రెండెముకల గుంతలు దాంట్ల పడ్డయి,
ఇంకెవ్వలు కూసున్నా కుదరదు.

ఒక్కసారే లీవు పెట్టిన,
సోమశిల కాడ కృష్ణను చూద్దామని.
నాగర్‌కర్నూలు రాకముందే వెనక గొట్టం పగిలింది.
ట్రాక్టరు ట్రాలీలు అతికే నసీరు మియా
పిత్తలి కడ్డీ కరిగించి
పగులు మీద తేనె లెక్క పారించిండు.
పైసలు వద్దన్నడు. ఒక్క చక్కరు కొట్టొస్తనన్నడు.
పావుగంట దాక రాలే.
ఇనుప ముక్కల నడుమ కూసోని
మొదటిసారి నా సైకిలు పోతుంటే చూసిన.
అంత ఎత్తుంటదని,
అంత సప్పుడు లేకుంట పోతదని
నాకు తెల్వకపాయె.
కృష్ణ ఆ తెల్లారి కనపడ్డది. అది వేరే ముచ్చట.

మర్రిగూడ అవతల బోరింగు కాడ పర్వతాలు ఉంటడు.
నా ఈడోడే. ఆ నీళ్లు తాగి పెరిగిండు,
మెడ తిరగదు, మనిషంత తిరిగి చూస్తడు.
పిత్తలి అతుకు మీద బొటనవేలు రాసి అడిగిండు:
"ఇది వొంగుతదా?"
"కొంచెం వొంగుతది, మళ్ల లేస్తది."
"మరి ఎముకకు ఆ తెలివి లేకపాయె," అన్నడు,
నవ్వి, గంట కొట్టిండు.
అప్పటి సంది నేను ఆగినప్పుడల్ల
ముందు గంట కొట్టి, తర్వాత మాట్లాడ్తడు.

ఈ యేడు నల్లా నీళ్లొచ్చినయి.
సీసాలు పన్నెండుకు దిగినయి.
ముందు చక్రం మళ్ల మేకపిల్లయింది.
మొన్న పర్వతాలు వాళ్ల కోడలితోని
సంచి నిండ బత్తాయిలు పోయించిండు,
"బరువుకు" అన్నడు.
చండూరు దాక సక్కగ వచ్చింది.
చండూరు దాటినంక
పెడలు కాడ టిక్కు టిక్కు మొదలైంది,
ఎడమ కాలు కిందికి దిగినప్పుడే.
పెడలే అయితే సాయంత్రం విప్పుత, గ్రీసు పెడ్త.
లోపలి ఇరుసు అయితే
ఆ సైజు నల్లగొండల దొరకదు.