ముక్కు రాయి

ఎనుమాముల మిర్చి యార్డులో
తుమ్మని మనిషి ఒక్కడే ఉండేవాడట.
తేజ బస్తా చిరిగి, అందరూ ముక్కులకు తువ్వాలలు కట్టుకుంటే
ఓదెలు మాత్రం నోరు తెరుచుకొని
కుప్ప నడుమ నిలబడేవాడట.
"మేస్త్రీకి నేనంటే పానం, డాక్టరమ్మా."

స్కానులో కుడి ముక్కు నిండా సున్నపు తెలుపు,
రేగుపండంత.
నడిమి గోడను ఎడమకు నెట్టి
రెండో దారినీ మూసేసింది.
ఆ కంపు గురించి రాయను.
ఓపీలో అతని పక్క బెంచీ ఖాళీగా ఉండేది, అంతే.

సమ్మతి కాగితం మీద వేలిముద్ర.
బడికి పోలేదా అంటే
"పోయిన. ఒక్క నెల."

మంగళవారం, మూడో కేసు.
మందులో తడిపిన పట్టీలు పెట్టి, తీసి,
ఎండోస్కోపు తోస్తే
తెర మీద వానకు నానిన గుట్ట.
ముందుకు రాదు. వెనక్కి నెడితే గొంతులో పడుతుంది.
లోపలే పగలగొట్టాలి.
పట్టుకారు బిగించినప్పుడు వచ్చిన చప్పుడుకు
మత్తు డాక్టరు రఫత్ కూడా తలెత్తాడు.
ముక్క, నెత్తురు, సక్షన్, మళ్లీ ముక్క.
ఆఖరి పెంకు లోపల
బూడిద రంగు పుల్ల, చిటికెనగోరంత.
బలపం.

సాయంత్రం వార్డులో
అరచేతిలో వేసుకొని చాలాసేపు తిప్పాడు.
"బలపం ఏడబోయిందిరా అంటే చెప్పలే.
సారు కొడతడని మల్ల పోలే."
నలభై రెండేళ్లు.
రాయిని పిల్ల డాక్టర్ల కోసం సీసాలో దాస్తామన్నాను.
"గిన్నేండ్లు మోసిన. హమాలీ ఇయ్యరా?"
నేను నవ్వాను. అతను నవ్వలేదు.
బలపం ముక్క ఇచ్చేశాను,
రిజిస్టరులో రాయలేదు.

రాత్రి రౌండుకు వస్తే
మంచం పక్క షాబాదు బండ మీద ఒక గీత,
దాని పక్కన వంకర గీత ఇంకొకటి.
అక్షరమేమీ కాదు.
తెల్లారి ఆయా తడిగుడ్డతో తుడిచేసింది.

రెండో వారం వచ్చాడు, కళ్లు చింతనిప్పులై.
"యార్డుల నిలవడనిస్తలేదు, ఒకటే తుమ్ములు.
పత్తి దిక్కు పోతున్న. కూలి తక్కువ."
నేను టార్చి వేసి లోపల చూస్తూనే ఉన్నాను.
సరిచేసిన గోడ నిటారుగా ఉంది. పుండు బాగా మానింది.
ఆ మాట అతనికి ఎలా చెప్పాలో తెలియక
వాసనలు తెలుస్తున్నాయా అన్నాను.

భుజం మీది తువ్వాల తీసి, మడిచి, మళ్లీ విప్పి
"మొదలు గిదే తెలిసింది.
ఇరువై ఏండ్ల సంది మా లసుమమ్మ
నా దిక్కే తిరిగి పండుకునేది"
అన్నాడు.