తొమ్మిదో తొట్టి

జనవరి జ్వరం పోతూ పోతూ
నా ముక్కులోంచి లోకాన్ని ఊడ్చుకుపోయింది.
కాఫీ ఇప్పుడు వేడి, అంతే.
పాలు విరిగాయో లేదో
పక్కింటి సైమి వచ్చి చెప్పాలి.

హౌకిలంపి సరస్సు ఒడ్డున పరిశోధనశాలలో
తొట్లు కడిగే పని నాది.
పన్నెండు తొట్లు, పన్నెండు రాపులు.
రొయ్యకి ఎండ్రకాయ డెక్కలు తొడిగితే ఎలా ఉంటుందో అలా,
నల్లగా, కోపంగా,
ఒక్కోటీ ఒక్కో పెంకు కింద కాపురం.

తూలిక్కి గమ్‌బూట్లు రెండూ రెండు రంగులు.
ఒక సాయంత్రం ఒక మగదానికి
పచ్చగా వెలిగే మందు ఎక్కించి, దీపాలార్పి పిలిచింది:
"చూడు ఇంపీ, ఇవి ముఖంతో ఉచ్చపోస్తాయి."
నవ్వాను. తర్వాత చూశాను.
కళ్ళ కిందనుంచి రెండు పచ్చని పొగలు
నీళ్ళలో సాగి సాగి
ఎదుటివాడి మీసాల దాకా వెళ్ళాయి.
వాడు ఒక్కసారి విదిలించి, పసిగట్టి,
తోక ముడిచి మూలకి పోయాడు.
నిన్న వీడి చేతిలోనే ఓడాడట.
పేరు అడగలేదు, ముఖం చూడలేదు,
నీటి మీద వచ్చిన కబురే చాలింది.

పెద్ద మీసాలు తడుముకోడానికి.
వాటి మధ్య, రెండేసి పాయలుగా చీలిన
చిన్న మీసాలున్నాయే, అవీ ముక్కు.
ఊరికే ఉండవు.
టక్, టక్, నీటిని కొడతాయి,
ఒక్కో విదిలింపుకీ ఒక్కో గుక్క వాసన.
మనం పీల్చినట్టే, అంది తూలిక్కి.
నేను పీల్చాను.
చలి.

మా మరిది ఓస్మో బుట్టలు వేసే రోజు
సబ్బు ముట్టుకోడు. వాళ్ళ తాత మాట.
సార్కి చేపని నిలువునా చీరి కడతాడు, తాజాదే.
పడవలో ఒక రాపు బూటు కింద నలిగిందా,
పక్కనున్న బుట్టని ఆ రాత్రి నీట్లో దించడు.
నలిగినదాని నెత్తురు నీటికి అంటితే
మిగతావి రాళ్ళలో రాళ్ళైపోతాయంటాడు.
తూలిక్కి ఆ మాటకే ఏడాదంతా కాగితం మీద గీతలు గీసింది.
ఓస్మో ఆ గీతలు చూసి అడిగాడు:
"దీనికి జీతమిస్తారా?"

తొమ్మిదో తొట్టిలోది
ఏదో పోట్లాటలో చిన్న మీసాలన్నీ మొదలంటా పోగొట్టుకుంది.
చేప ముక్క వేస్తే
మిగతా తొట్లలో నిమిషం పట్టదు.
ఇది ముక్క పక్కనుంచే నడిచిపోయింది,
మూడు వేళ్ళ దూరంలో,
ఉత్తరం చేతిలో ఉండీ గుమ్మం గుర్తుపట్టని పోస్ట్‌మన్‌లా.

చేత్తో తినిపించకూడదు. గోడ మీద రాసి ఉంది.
మూడో రోజు పట్టకారుతో ముక్కని
దాని ముందు కాళ్ళకి ఆనించాను.
కాళ్ళకీ రుచి తెలుసు కాబోలు, లాక్కుంది.
పుస్తకంలో రాయలేదు.
తూలిక్కి చూసింది. తనూ రాయలేదు.

జూన్ చివర, ఫిన్లాండ్‌లో రాత్రి
చీకటిపడడం మరిచిపోయే వారంలో
తొమ్మిదోది పెంకు విడిచింది.
పాత ఒంటిని మాసిన చొక్కాలా వదిలేసి
పక్కన మెత్తగా, బెరుగ్గా కూచుంది.
భూతద్దంలో చూశాం:
పోయిన మీసాల చోట మొలకలు,
ఉండాల్సినదాంట్లో సగం పొడుగు లేవు.
విదిలించింది. ఆగింది.
మళ్ళీ విదిలించింది,
కొత్తింట్లో, చీకట్లో, స్విచ్ వెతుక్కుంటున్నట్టు.
ముక్క వైపు తిరగడానికి పదకొండు నిమిషాలు.
ఇది మాత్రం రాశాను,
పెద్ద అక్షరాలతో.

విడవడానికి నాకు పెంకు లేదు.

ఆగస్టులో ఓస్మో నలభై రాపులు తెచ్చాడు.
మరిగే ఉప్పునీళ్ళలో, సోయికూర పూగుత్తుల కింద
నలుపంతా ఎరుపైంది.
సైమి కళ్ళు మూసుకుని "అబ్బ, ఏం వాసన" అంది.
ఆవిరి మీదికి వంగాను.
ముఖం తడిసింది.
తొమ్మిదోదాని చుట్టాలే కావచ్చు. తిన్నాను.

పొద్దుపోయాక ఖాళీ బుట్టని ఓస్మో
గుమ్మం పక్కన పడేశాడు,
తడి ఇనుము, నాచు, మిగిలిన సార్కి.
దాటబోతూ ఆగాను.

కంపు.

పిసరంత. చచ్చిన చేప కంపు.
మోకాళ్ళ మీద కూచున్నాను.
పోయింది.
కిటికీలోంచి సైమి అరిచింది,
ఏం పారేసుకున్నావని.
చెయ్యెత్తి ఆగమన్నాను.
గట్టిగా కాదు,
చిన్న చిన్న గుక్కలుగా,
టక్,
టక్,