లాభం, రెండు

స్టోన్‌హౌస్‌పేటలో మా రైసుమిల్లు మేడమీద
ఇద్దరు సోమాలీ పిలకాయలు అద్దెకుండారు.
వర్సమె, గూలేద్. ఫార్మసీ చదువు.
గది ఒకటే, పొయ్యి ఒకటే, రేడియో ఒకటే.
మాటల్లేక రెండు నెల్లు.
మొలగొలుకుల అన్నంలో అరటిపండు పిసుక్కోని
ఇద్దరూ ఒకే తీరున తింటారు,
ఒకడు తిని లేచినాకే ఇంకొకడు కూర్చుంటాడు.

నేను కాటా గుమాస్తాని.
దేశాలు తెలవవు, బస్తాలు తెలుసు.
అడిగితే వర్సమె వచ్చీరాని తెలుగులో చెప్పినాడు:
మాకూ ప్రభుత్వం ఉంది అన్నా, తాత్కాలికం.
సగం ఒక ఊళ్లో, సగం ఇంకో ఊళ్లో.
"మరి గూలేదు?"
"వాడిది ఆ ఊరు."
వేలు గోడకేసి చూపించినాడు.
గోడకవతల చొక్కాలు ఆరేస్తా ఉండాడు గూలేద్,
వర్సమె చొక్కా తడిది పక్కకు జరిపి,
కింద పడకుండా క్లిప్పు పెట్టి.

మాఘమాసం. కొత్త వడ్లు ఇంకా దిగలా.
రాత్రి రేడియో చంకలో పెట్టుకోని దిగొచ్చినాడు వర్సమె.
"అన్నా, మా పార్లమెంటు కూడతా ఉంది.
గోదాములో. ధాన్యం గోదాములో."
నాకు నవ్వు రాబోయి ఆగింది.

గోదామంటే నాకు తెలుసు.
పురికొస, ఎలక పెంటికలు, రేకుల కింద పావురాళ్లు.
ఖాళీగా ఉంటే
ఒక మాటంటే మూడై తిరిగొస్తుంది,
ఎవుడన్నాడో తెలవదు.

అప్పుడు చెప్పినా, మా షావుకార్ల సంగతి.
ఇద్దరు భాగస్తులు. ఒకే రెక్క తలుపు.
తీర్పు వచ్చేదాకా అని కోర్టు అమీను వచ్చి
రెండు తాళాలేసి, చెరొక చెవి ఇచ్చి పోయినాడు.
ఈయనొస్తే ఆయన రాడు.
ఆయనొస్తే ఈయనకి జొరం.
లోపల మూడొందల పుట్లు.
ఐప్పసి వానలకి రేకు కారింది.
చీకట్లో వడ్లు మొలకలెత్తినయ్,
తెల్లంగా, నెత్తురు లేని వేళ్లమాదిరి,
వెలుతురు యాడుందో ఎతుక్కుంటా
తలుపు సందుదాకా పాకొచ్చినయ్.

"ఎవరు తెరిచారు?"
మెట్లమీద గూలేద్. ఎప్పుడొచ్చినాడో చూళ్లేదు.

హమాలీ వెంగయ్య.
తాళాలు ముట్టుకోలేదు.
రెండో పక్కకు పోయి మడతబందులు ఊడదీసినాడు.
ముప్పైయేండ్లు మోసినా ఈ వాకిట్లోంచి,
తలుపు ఎటు తిరుగుతుందో నాకు తెలవదా అన్నాడు.
మూడు రోజులు స్టేషన్లో పెట్టినారు.
సగం వడ్లు కుళ్లిపోయినయ్.
సగం తిన్నాం.

రేడియోలో గరగర.
వర్సమె ఏరియల్ పట్టుకున్నాడు.
గూలేద్ రెండు మెట్లు దిగి
కాటా ఇనపగొలుసు ఒక చేత్తో,
ఏరియల్ కొస ఒక చేత్తో పట్టుకున్నాడు.
ఏమీ తేలలేదు. గరగర అట్నే ఉంది.
అయినా వదల్లేదు ఇద్దరూ,
వదిలితే పోతుందేమోనని.

వాళ్ల ఊళ్లల్లో మనిషి ఎదురైతే
"నబద్ మియా?" అంటారంట.
బాగుండావా అని కాదు.
శాంతేనా అని.
రోజూ అడుక్కోవాల్సొచ్చిందంటే
ఎన్నాళ్లుగా లేదో.

మా నాయన కుంచంతో కొలిచేవాడు.
మొదటిదానికి ఒకటి అనేవాడు కాదు.
లాభం, అని గట్టిగా అరిచి
ఆ తర్వాతే రెండు.
అదే చెప్పినా వాళ్లకి.
ఆ గోదాము వాకిట్లో అడుగు పెట్టే మొదటోడు
ఏ ఊరోడైనా, ఏ తెగోడైనా,
ఒకటి అనబాకండయ్యా.
లాభం అనండి.

గూలేద్ నోట్లో తిప్పుకున్నాడు ఆ మాట, కొత్త పంటి కింద వక్కమాదిరి.
"లాబం."
వర్సమె వాడి వైపు చూళ్లేదు.
రేడియోకి చెప్పినట్టు, మెల్లిగా,
"రెండు" అన్నాడు.

పొద్దున మేడమీద
ఒక పళ్లెం కడిగిన చప్పుడొచ్చిందో, రెండో.
అంతలో మిల్లు మొదలుపెట్టినారు.
నాకు వినపళ్లేదు.