ఇతర ఖర్చులు

ఫిషింగ్ హార్బర్లో కుక్కల్ని లెక్కపెట్టడానికి
మా ఐదుగురికీ అనుమతి వచ్చింది.
ఐదుగురికీ మూడేసి టీకాలు:
సున్నా రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు.

ఆరోవాడు పోలారావు.
ఏ కుక్క ఏ పడవ నీడన పడుకుంటుందో
ఏది ఈనిందో, ఏది నిన్న రాత్రి కొత్తగా వచ్చిందో
వాడికే తెలుసు.
కాగితమ్మీద వాడి పేరు 'ఇతర ఖర్చులు'.
రోజుకి నాలుగొందల యాభై, రెండు టీలు.

వల విసరడం వాడికి మేం నేర్పలేదు.
"కుక్కైతే ఏటి, కోనామైతే ఏటి మేడమ్,
ఇసిరీసినాక వలే గదా" అన్నాడు.
నవ్వాం.
ఆ నవ్వుని నోట్‌బుక్‌లో ఎక్కడా రాయలేదు.

పదకొండో రోజు
ఐసు కూడా చెమటలు కక్కే ఉక్కలో
పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చాడు.
"వల తాడు కోసింది."
తాడు కోస్తే ఒక్క గీతే కదా పడాలి.
నాలుగున్నాయి.

సబ్బు, కుళాయి, పదిహేను నిమిషాలు.
వాడి చెయ్యి నా చేతిలో, నా కళ్ళు గడియారంలో.
ఏడో నిమిషానికి కుళాయి ఆగిపోయింది.
చేపలమ్మే నూకరత్నం
తాగే నీళ్ళ బిందె తెచ్చి వంచింది, సన్నటి ధారగా,
నేను చాలనేదాకా.
వంచుతూనే అడిగింది:
"మీకు ముందే ఏసీసేరంట గదా సూదులు.
ఈడికెందుకెయ్యలేదు?"

లిస్టులో లేడు.
ఆ రెండు మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

కేజీహెచ్‌లో గాయం చుట్టూ మందెక్కిస్తుంటే
పళ్ళు బిగబట్టి వాడడిగిందొకటే:
"ఈయాల కూలి కోసెస్తారా?"
అందుకా, చొక్కా.

కర్రలు పట్టుకొచ్చినవాళ్ళని ఆపి
వీపున ఆకుపచ్చ చుక్కున్న ఆ కుక్కని
పది రోజులు బోనులో ఉంచి చూశాం.
బతికింది. చేప తలకాయలు తిని ఒళ్ళు కూడా చేసింది.
అయితే ఏమీ కాలేదన్నమాట, అన్నారు కమిటీలో.
కుక్క మంచిదండీ, అన్నాను,
మనం రాసుకున్న పద్ధతి కాదు.

ఇప్పుడు పని ఆపేశాను.
జీపు తోలే సింహాద్రి, బోను మోసే గురువులు,
రాత్రి టార్చి పట్టే ఎర్నాయుడు
చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడ్డారు.
అందరికంటే ముందు పోలారావు,
తన సూదులైపోయినా, ధైర్యం చెప్పడానికి.
లిస్టులో ఇంటిపేర్లతో సహా రాశాను.

ఇరవై ఒక్క రోజులు వల దండెం మీదే ఉంటుంది.
ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ ఉత్తరమొచ్చింది.
ఈ ఖాళీ రోజుల కూలి ఏ పద్దులో రాయాలో
ఇంకా తేలలేదు.
ఇస్తూనే ఉన్నాను.