మొదటి సీను

ముప్పై నాలుగేళ్ళు దస్తావేజులు రాశాను,
గుంటూరు రిజిస్ట్రారాఫీసు ఎదురు రేకుల కింద.
అరవై రెండో ఏట
సినిమాకని మొదటి సీను రాయబోతే
ఆవిడకంటే ముందు భర్త పేరొచ్చింది,
వయస్సు, కాపురం బ్రాడీపేట,
ఇంటికి నాలుగు హద్దులు.
కొట్టివేతలు లేవని అడుగున రాశాను కూడా.

జిరాక్సు కొట్టు మస్తాన్ చదివి
"అంతా బానే ఉంది బాబాయ్,
ఈవిడ ఏం చేస్తది?" అన్నాడు.

ఏం చేస్తుంది?

ఎప్పుడో ఒకావిడ
అమ్మకం కాగితం మీద వేలిముద్ర వేసి,
నేనిచ్చిన గుడ్డ తీసుకోకుండా
సిరా బొటనవేలు గోడకి రాసేసి వెళ్ళిపోయింది.
మొహం చూళ్ళేదు నేను.
తరవాతి పార్టీ తొందరపెడుతున్నారు.

కొత్త కాగితం తీశాను.
గోడ. పగలు.
బొటనవేలు.

మొహం దగ్గర
ఖాళీ వదిలాను,
సంతకానికి వదిలినట్టు.