సీసా అడుగులు

మువార్ నుంచి బస్సు. జొహోర్ వంతెన మీద
అమ్మ నా కాలరు సర్దుతూ చెప్పింది:
"సుల్తాను గారి కోటకి వెళ్తున్నాం.
కాళ్లు ఊపుతూ కూర్చోకు."
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
ఏనుగు ఉంటుందా అంటే
పక్కసీటాయన నవ్వి
రంబుటాన్ పండొకటి ఒలిచి చేతిలో పెట్టాడు.

కాంపోంగ్ గ్లామ్‌లో ఏనుగు లేదు.
పసుపు గోడ ఉంది. పెచ్చులూడిన చోట
లోపల మామూలు ఇటుకే.
గేటుకి ఆనించి ఎవరిదో సైకిలు, చైను ఊడి.

మాక్ సు రుగయ్యా, అమ్మకి ఆఖరి చెల్లెలు,
పేరు ముందు తెంకూ అని ఉన్న
గుమాస్తాని చేసుకుంది.
పగలంతా ఓడరేవులో బస్తాలు లెక్కపెట్టి
పొద్దుగూకే వేళకి రాజవంశంలోకి తిరిగొచ్చేవాడాయన,
చెప్పులు గుమ్మం బయటే విడిచి.

సుల్తాను కొలువుదీరిన హాలుని
ప్లైవుడ్ చెక్కలతో వాటాలు వేసుకున్నారు.
ఎన్ని కుటుంబాలో గుర్తులేదు.
అమ్మ పదకొండు అనేది,
మాక్ సు కోపంగా తొమ్మిదే అనేది.
మా వాటా పైకప్పులో చెక్కిన పువ్వు సగం.
మిగతా సగం పక్కవాళ్లది.
రాత్రి వాళ్ల రేడియో మా దోమతెరలోకి దూరేది.
మా ఎండురొయ్యల ఘాటు
వాళ్ల నిద్రలో తుమ్మేది.

"సుల్తాను ఏడీ?" అన్నాను రెండోరోజు.
మాక్ సు కొబ్బరి కోరుతోంది. తలెత్తలేదు.
"మీ బాబాయి బనియన్లున్న బకెట్ చూశావా?
అందులో నానుతున్నాడు. పో, జాడించు."

మధ్యాహ్నాలు నన్ను వీధికి వదిలేసేవాళ్లు.
అత్తరు కొట్టు బాజునైద్ గారు
మణికట్టు మీద చుక్క వేసి
"కడుక్కోకు, శుక్రవారం దాకా ఉంటుంది" అనేవాడు.
బుధవారానికే పోయేది.
నల్ల మఖ్మల్ టోపీలు కుట్టే పాక్ కస్నాన్
నా తల చుట్టూ టేపు తిప్పి
అంకె ఒకటి గోడమీద పెన్సిల్‌తో రాశాడు.
"వచ్చే ఏడు రా. అర అంగుళం పెరిగి రా."

ఆయనే చూపించాడు
మసీదు గుమ్మటం కింద, బంగారు రంగు మొదలయ్యే చోట,
మెడలో దండలా నల్లటి పట్టీ.
"అవన్నీ సీసాల అడుగులు.
డబ్బులేని వాళ్లు గాజు ఇచ్చారు.
మా అమ్మది సోయా సాసు సీసా,
కడిగి, మూడ్రోజులు ఎండబెట్టి ఇచ్చింది."
ఏది మీ అమ్మది?
కళ్లు చిట్లించి చాలాసేపు చూశాడు.
"ఎండ తగిలేది" అన్నాడు.
అప్పుడు అన్నిటికీ తగులుతోంది.

వచ్చే ఏడు వెళ్లలేదు. ఆ పై ఏడూ.
వాళ్లని ఖాళీ చేయించినప్పుడు
నేను మువార్‌లో కుర్చీలకి పాలిష్ కొడుతున్నాను.
మాక్ సు ఫోన్ చేసింది:
"పదకొండో అంతస్తు. లిఫ్టుంది.
కోరుపీట ఎవరికో ఇచ్చేశాను."
ఎవరికో అనే మాట దగ్గర
కాసేపు లైను గరగరలాడింది.

మొన్న వెళ్లాను, మోకాళ్లతో సహా.
పసుపు గోడకి పెచ్చుల్లేవు.
లోపల చల్లగా, ఆసుపత్రంత శుభ్రంగా ఉంది.
గుమ్మం దగ్గర అలవాటుగా బూట్లు విప్పబోతే
కాపలా అమ్మాయి, "ఫర్వాలేదు తాతా,
వేసుకునే రావచ్చు."
పైకి చూశాను. పువ్వు మొత్తం ఉంది.
రెండో సగం నేనెప్పుడూ చూడనిది.
నిజం చెప్పాలంటే
మా సగమే బాగుంది.
"తాతా, గీత దాటకండి."
గీత అవతలే మా పొయ్యి.

పాక్ కస్నాన్ కొట్లో ఇప్పుడు కాఫీ.
గోడకి తెల్లరంగు. గోరుతో కొంచెం గీకాను,
పిల్లలెవరూ చూడకుండా.
కింద ఇంకో తెల్లరంగు.

సాయంత్రం హోటల్ పక్క కొట్లో
సోయా సాసు సీసా ఒకటి కొన్నాను.
ప్లాస్టిక్‌ది. తలకిందులు చేసి
దీపానికెదురుగా అడుగు చూశాను.
ఏమీ మెరవలేదు.
వంతెన దగ్గర అధికారి, ఇదెందుకన్నాడు.
వంటకి, అన్నాను.