పన్నెండు గడులు

పొద్దంతా సర్వేయర్ సారు ఎనక గొలుసు గుంజుత.
చింతపల్లిల ఒక గెట్టు, నాంపల్లిల ఒక గెట్టు.
జానెడు జాగకు అన్నదమ్ములు
నన్ను నడుమ నిలవెట్టి తిట్టుకుంటరు,
నేనే హద్దురాయినన్నట్టు.

రాత్రి దేవరకొండల, కిరాయి అర్రల,
ఛార్జర్ వైరు అందినంత దూరంల పండుకొని
ఫోన్ల నా చెల్క తెరుస్త.

మొదలు ఇచ్చినప్పుడు అంతా ఒక్కతీరు పచ్చగుండె.
ఎర్ర కప్పు కొట్టం, తెల్ల కంచె,
నల్లమచ్చల ఆవు. బర్రె లేదు, మెనూ అంతా ఎతికిన.
బత్తాయి లేదు, నారింజ ఉన్నది.
నారింజ పెట్టి బత్తాయి అనుకున్న.
కంది లెక్క పసుపు పువ్వు పూసేది ఒకటి దొరికింది,
దాని పేరు నాకు సదవరాలే.

మా చిన్నాయన జంగయ్య ఏడు బోర్లు ఏయించిండు,
ఏడోదాంట్ల దుబ్బ లేసింది.
ఈడ ఏలు పెట్టి నొక్కితే బాయి, బాయి నిండ నీళ్లు.
మొదటి దినం అది జూసి నిద్ర పట్టలే.

రాళ్లు తియ్యనీకి యాభై నాణేలు అడుగుతది ఆట.
అందరు కడుతరు. నేను గూడ కట్టిన.
సాపు జేసినంక అది నాది గానట్టే అనిపిచ్చింది.
దుకాణంల, అలంకారాల కింద,
బండరాయి ఎనభై నాణేలు.
కొన్న.
ఉత్తరం దిక్కు తొమ్మిది గుండ్లు.
ఒకదాని మీద ఒకటి ఎక్కయి గాని
పక్కపక్కన పెడితే మా గుట్ట లెక్కనే.

ఆదివారం హాస్టల్ నుంచి వచ్చిన మా అక్క బిడ్డె రవళి
జూసి ఒకటే నవ్వుడు.
"పైసలిచ్చి రాళ్లు కొంటరా మామా ఎవలన్న?"
దాని పొలం చూపెట్టింది:
గులాబిరంగు గాలిమర, ఫౌంటెను,
గుండె ఆకారంల పూలమడి, అంగుళం ఖాళీ లేదు.
నా దాంట్ల నడుమంగ, ఈ కొస నుంచి ఆ కొసకు,
పన్నెండు గడులు ఉత్తగ ఇడిసిన.
విత్తు ఏస్తే గడికి ఆరు నాణేలు వచ్చు.

"ఇదేంది?"
బాట.
"ఎవలకు?"
ఎనకటి చెల్కోళ్లకు.
"ఎనక ఎవలు లేరు మామా. ఆడికి ఆటనే అయిపోతది."

నేనేం జెప్పలే.
నేను జూసిన కొట్లాటలల్ల సగం పంటకు గాదు, బాటకు.
మర్రిగూడ దిక్కు ఒకాయన, పేరెందుకు,
సచ్చిపోయిన దినం గూడ కంచె తియ్యలే పక్కోళ్లు.
మంచంతోటే పైకెత్తి ముళ్లతీగ దాటిచ్చినం.
ఆ దినం నా చేతుల గొలుసు లేదు,
మంచంకోడు ఉన్నది.

మల్ల ఆదివారం పొద్దుగాల అప్‌డేట్ వచ్చింది.
తెరిస్తే నా చెల్క నాలుగు దిక్కుల పెరిగింది.
నోటీసు లేదు, పంచనామా లేదు,
ఎవ్వలు దస్కతు పెట్టలే.
నవ్వాల్నో కోపం జెయ్యాల్నో తెల్వలే.
బాట పాత హద్దు కాడనే ఆగి ఉన్నది,
దాని అవతల కొత్త గడ్డి. అది గూడ నాదేనట.

రవళి ఫోన్ గుంజుకున్నది.
ఇగ గాలిమర పెడుతదనుకొని చాయ పెట్టనీకి లేసిన.
తిరిగొచ్చి జూస్తే
కొత్త గడ్డిల రెండు దిక్కుల జొన్న ఏసి
నడుమ బాటను ఇంకో ఐదు గడులు పొడుగు జేసింది.
మూడో గడి కాడ వంకర తిరిగింది అది.

వంకరెందుకు పెట్టినవే?

"రాయి అడ్డమున్నది గద మామా."

ఆ రాయి ఎప్పుడు కొన్నదో.
నా నాణేలల్ల ఎనభై తక్కువున్నయి.